వీఎం టెస్టులు ఉన్నట్టుండి ఫెయిలవుతున్నాయా? స్టోరేజ్ పూల్ గొడవలు పట్టుకునే పద్ధతి

రాత్రి నడిచిన వీఎం (వర్చువల్ మెషీన్) టెస్టులన్నీ పాస్. కోడ్‌ని ఎవరూ ముట్టుకోలేదు, అయినా పొద్దున అదే బ్రాంచ్ మీద సగం టెస్టులు ఎర్రగా ఉన్నాయి. లాగ్ అడుగున ఒకటే లైను:

ఆపరేషన్ ఫెయిల్డ్: స్టోరేజ్ సోర్స్ కాన్‌ఫ్లిక్ట్ విత్ పూల్: 'ఇమేజెస్'

ఈ లైను చూడగానే కొందరు రీరన్ బటన్ నొక్కి టీకి వెళ్తారు. ఇంకొందరు నెట్‌లో దొరికిన రెండు మూడు కమాండ్లు కాపీ కొట్టి ఆ పూల్‌ని, అంటే వీఎం డిస్కులుండే చోటుని, పీకేస్తారు. మొదటి పనితో సమస్య రేపటికి వాయిదా పడుతుంది. రెండో పనితో ఒక్కోసారి పక్క టీమ్ వాళ్ళ డిస్కులు పోతాయి. బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద ఏ ఆఫీసు టెస్ట్ ల్యాబ్‌లోకి తొంగి చూసినా పరిస్థితి ఇలాగే ఉంటుంది. పెద్ద సర్వర్లు కొన్నే, వాటి మీద పడి బతికే టీములు చాలా. అందుకే ఏది తీసేయాలన్నా ముందు "ఈ పూల్ ఎవరిది?" అన్న ప్రశ్నకు జవాబు దొరకాలి. ఈ వ్యాసమంతా ఆ జవాబు రాబట్టడం గురించే.

ఇది లైనక్స్ హోస్టు (వీఎంలని మోసే అసలు మెషీన్) మీద కేవీఎం (కెర్నెల్‌లోని వర్చువలైజేషన్), లిబ్‌వర్ట్ (వీఎంలనీ వాటి డిస్కులనీ నిర్వహించే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళ కోసం. వీఎంలు తయారుచేసే టూల్‌గా పైన వేగ్రంట్ ఉన్నా, టెర్రాఫామ్ ఉన్నా, వర్ట్-ఇన్‌స్టాల్ ఉన్నా కింద పూల్స్ లెక్క చూసేది లిబ్‌వర్టే. కమాండ్లు తెలుగు లిపిలో ఇచ్చాను, టెర్మినల్‌లో మామూలు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టుకోండి.

పూల్ టెస్టుది కాదు, హోస్టుది

స్టోరేజ్ పూల్ అంటే "ఈ చోట డిస్క్ ఇమేజ్‌లు ఉంటాయి" అని లిబ్‌వర్ట్ దగ్గర రాయించుకున్న నమోదు. ఈ ఏపీఐ 2008లో 0.4.1 వెర్షన్‌తో వచ్చింది. ఆ చోటు డైరెక్టరీ కావచ్చు, ఎల్‌వీఎం వాల్యూమ్ గ్రూప్ కావచ్చు, ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్ కావచ్చు, ఐస్కజీ టార్గెట్ కావచ్చు, సెఫ్ ఆర్‌బీడీ కావచ్చు. టెస్టుల్లో ఎక్కువగా కనిపించేది డైరెక్టరీ రకమే, అంటే 'డిర్' పూల్.

పర్మనెంట్‌గా డిఫైన్ చేసిన పూల్ వివరాలు /ఎట్సీ/లిబ్‌వర్ట్/స్టోరేజ్ కింద ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళుగా ఉంటాయి. అంటే మీ టెస్టు ప్రాసెస్ చచ్చిపోయినా పూల్ బతికే ఉంటుంది, మెషీన్ రీబూట్ అయినా ఉంటుంది. శుక్రవారం సాయంత్రం మడివాళలో విజయవాడ బస్సు అందుకునే తొందరలో ఎవరో కంట్రోల్-సీ కొట్టి లాప్‌టాప్ మూసేస్తారు. వాళ్ళ టెస్టు సృష్టించిన పూల్ సోమవారం దాకా అక్కడే కూర్చుని, వీకెండ్ నైట్లీ రన్ మొత్తాన్ని పడగొడుతుంది. కాబట్టి ఎర్రగా కనిపిస్తున్న టెస్టు చాలాసార్లు బాధితురాలు మాత్రమే. దోషి పచ్చగా పాసైపోయి వెళ్ళిపోయి ఉంటుంది. ఫెయిలైన టెస్టు కోడ్‌ని గంటల తరబడి చదివినా ఏమీ దొరకకపోవడానికి కారణం ఇదే.

మీరు మాట్లాడుతున్నది ఏ లిబ్‌వర్ట్‌తో?

ఈ అడుగు చిన్నదే, కానీ దీన్ని దాటేసి తిప్పలు పడేవాళ్ళు ఎక్కువ. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడితో నడిచిన సంభాషణ ఇది:

"అన్నా, పూల్ లిస్ట్ కొడితే ఖాళీగా వస్తోంది. మరి కాన్‌ఫ్లిక్ట్ ఎక్కణ్ణుంచి?"

"సుడో పెట్టావా?"

"లేదన్నా."

"విర్ష్ యూఆర్‌ఐ అని కొట్టి చూడు ముందు."

మామూలు యూజర్‌గా విర్ష్ (లిబ్‌వర్ట్ కమాండ్ టూల్) నడిపితే అది క్యూఈఎంయూ (వీఎంని నడిపే ప్రోగ్రామ్) సెషన్‌కి, అంటే ఆ యూజర్ సొంత లిబ్‌వర్ట్‌కి, వెళ్తుంది. రూట్‌గా నడిపితే మెషీన్ మొత్తానికి ఉన్న సిస్టమ్‌కి. ఇవి రెండూ వేర్వేరు లోకాలు. ఒకదాని పూల్స్ ఇంకొకదానికి కనిపించవు. సీఐ (టెస్టుల్ని తనంతట తనే నడిపే వ్యవస్థ) ఏజెంట్ సిస్టమ్‌కి కనెక్ట్ అవుతుంటే మీరు సెషన్‌లో వెతికి లాభం లేదు. విర్ష్ యూఆర్‌ఐ ఏం చెబుతోందో చూడండి. తర్వాత మీ టెస్టు కోడ్‌లో కనెక్షన్ యూఆర్‌ఐ ఏదో, ఎన్విరాన్‌మెంట్‌లో లిబ్‌వర్ట్_డీఫాల్ట్_యూఆర్‌ఐ అనే వేరియబుల్ ఉందో లేదో చూడండి. అన్నీ ఒకే చోటుకి చూపించేదాకా ముందుకు కదలొద్దు.

ఇంకో చిన్న మాట. ఫెడోరా 35 నుంచి, ఆర్‌హెచ్‌ఈఎల్ 9 నుంచి లిబ్‌వర్ట్ విడివిడి డీమన్లుగా (వెనకాల నడిచే ప్రోగ్రాములుగా) నడుస్తోంది. పూల్స్ చూసేది వర్ట్‌స్టోరేజ్‌డీ. అలాంటి మెషీన్‌లో లిబ్‌వర్ట్‌డీ లాగులు తిరగేస్తే ఏమీ కనిపించదు. జర్నల్‌సీటీఎల్‌కి సరైన యూనిట్ పేరు ఇవ్వండి.

ఎర్రర్ ఏం చెబుతోందో అక్షరం అక్షరం చదవండి

పూల్ గొడవల్లో లిబ్‌వర్ట్ ఇచ్చే మెసేజ్‌లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ కారణాలు వేరు, మందులూ వేరు.

'పూల్ ఫలానా ఆల్రెడీ ఎగ్జిస్ట్స్ విత్ యూయూఐడీ' అని వస్తే పేరు కలిసింది, యూయూఐడీ (ప్రతి పూల్‌కీ ఉండే విడి గుర్తింపు) కలవలేదు. ఇది వచ్చే తీరు తమాషాగా ఉంటుంది. మీ ఎక్స్‌ఎంఎల్‌లో యూయూఐడీ రాయలేదనుకోండి, డిఫైన్ చేసిన ప్రతిసారీ లిబ్‌వర్ట్ కొత్తది పుట్టిస్తుంది. మొదటి రన్‌లో అంతా బాగుంటుంది. రెండో రన్‌లో పాత పూల్ ఇంకా అక్కడే ఉంది, పేరు అదే, యూయూఐడీ కొత్తది, కాబట్టి తిరస్కరిస్తుంది. "మొదటిసారి పాస్, రెండోసారి ఫెయిల్" అనే లక్షణం కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

'పూల్ ఫలానా ఈజ్ ఆల్రెడీ డిఫైన్డ్ విత్ యూయూఐడీ' అంటే దానికి తిరగేసిన కేసు. పేర్లు వేరు, యూయూఐడీ ఒకటే. ఎవరో పూల్-డంప్‌ఎక్స్‌ఎంఎల్ (పూల్ వివరాలు ఎక్స్‌ఎంఎల్‌గా చూపించే కమాండ్) అవుట్‌పుట్‌ని ఉన్నదున్నట్టు రిపోలో ఫిక్స్చర్‌గా (టెస్టుకి కావాల్సిన ముందస్తు సరంజామాగా) పెట్టేసి, పేరు ఒక్కటే మార్చి రెండు టెస్టుల్లో వాడుతున్నారన్నమాట. ఫిక్స్చర్‌లోంచి యూయూఐడీ లైను తీసేస్తే సరిపోతుంది.

'పూల్ ఈజ్ ఆల్రెడీ యాక్టివ్ యాజ్' అని వస్తే రెండూ కలిశాయి, పూల్ ఇప్పటికే నడుస్తోంది. సెటప్ రెండుసార్లు పిలవబడుతోందేమో చూసుకోండి.

ఇక మొదట్లో చెప్పిన 'స్టోరేజ్ సోర్స్ కాన్‌ఫ్లిక్ట్'. ఇక్కడ పేరుతో, యూయూఐడీతో సంబంధం లేదు. చోటు ఒకటే అయింది. పీజీలో ఒకే అలమరాకి ఇద్దరు తమ పేరు స్టిక్కర్ అంటించినట్టు. డిర్ పూల్‌కి లిబ్‌వర్ట్ పోల్చేది టార్గెట్ పాత్. నెట్‌ఎఫ్‌ఎస్ రకానికి సర్వరూ, అక్కడి డైరెక్టరీ. ఎఫ్‌ఎస్, లాజికల్ రకాలకి కింద ఉన్న డివైస్. గుర్తుంచుకోవాల్సిన విషయం: ఈ పోలికలో ఆగిపోయిన పూల్స్ కూడా లెక్కలోకి వస్తాయి. ఒట్టి పూల్-లిస్ట్ కొడితే నడుస్తున్నవే కనిపిస్తాయి, దోషి మాత్రం ఇనాక్టివ్‌గా దాక్కుని ఉంటుంది.

అన్నిటినీ వెలుగులోకి తేవడం

కొట్టాల్సిన కమాండ్ ఇది:

విర్ష్ పూల్-లిస్ట్ --ఆల్ --డీటెయిల్స్

పేర్లు, స్థితి, ఆటోస్టార్ట్, సైజులు వస్తాయి. కానీ మనకు కావాల్సిన పాత్ ఇందులో ఉండదు. ప్రతి పూల్ పేరుకీ పూల్-డంప్‌ఎక్స్‌ఎంఎల్ నడిపి, టార్గెట్ కింద ఉన్న పాత్ లైనుని గ్రెప్‌తో ఏరుకోవాలి. పాత్‌లని అలాగే పోల్చకుండా ఒక్కోదాన్నీ రియల్‌పాత్ గుండా పంపించి, తర్వాత సార్ట్ చేసి చూడండి. ఎందుకో కింద చెబుతాను. పేరు ఒక కాలమ్, అసలు పాత్ ఒక కాలమ్‌గా వచ్చేలా పది లైన్ల షెల్ స్క్రిప్ట్ రాసి ల్యాబ్ సర్వర్లన్నిటిలో పెట్టుకుంటే ఎప్పటికప్పుడు పనికొస్తుంది.

ఏదైనా ఒక డిస్క్ ఇమేజ్ ఏ పూల్‌ది అని తెలుసుకోవాలంటే విర్ష్ వాల్-పూల్‌కి ఆ ఇమేజ్ పూర్తి పాత్ ఇవ్వండి, పేరు చెబుతుంది.

'ఇమేజెస్'కీ 'డీఫాల్ట్'కీ మధ్య పాత గొడవ

దీన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే వేగ్రంట్ వాడే టీముల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

/వార్/లిబ్/లిబ్‌వర్ట్/ఇమేజెస్ డైరెక్టరీ లిబ్‌వర్ట్ ఇన్‌స్టాల్ చేయగానే వస్తుంది. దాని మీద 'డీఫాల్ట్' అనే పూల్ కూడా తనంతట తనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. ఆ పూల్‌ని సాధారణంగా తయారుచేసేది వర్ట్-మేనేజర్ లేదా వర్ట్-ఇన్‌స్టాల్. డెవలపర్ లాప్‌టాప్‌లో ఎప్పుడో ఒకసారి వర్ట్-మేనేజర్ తెరిచి ఉంటారు కాబట్టి అక్కడ 'డీఫాల్ట్' ఉంటుంది, టెస్టులు పాసవుతాయి. కొత్త సీఐ హోస్టులో ఎవరూ తెరవలేదు, అక్కడ ఉండదు.

అసలు తిరకాసు ఇంకోచోట ఉంది. వర్ట్-ఇన్‌స్టాల్‌కి డిస్క్ ఆప్షన్‌లో ఏదైనా ఫైల్ పాత్ ఇస్తే, ఆ ఫైల్ ఉన్న డైరెక్టరీ మీద పూల్ ఏదీ లేకపోతే, అది చడీచప్పుడు లేకుండా ఒక పూల్ తయారు చేస్తుంది. పేరు ఏం పెడుతుంది? డైరెక్టరీ చివరి భాగాన్నే పెడుతుంది. ఇమేజెస్ డైరెక్టరీ అయితే పూల్ పేరు 'ఇమేజెస్'. ఆటోస్టార్ట్ కూడా ఆన్ చేస్తుంది. తర్వాత వేగ్రంట్ ప్లగిన్ వచ్చి అదే డైరెక్టరీ మీద 'డీఫాల్ట్' డిఫైన్ చేయబోతే కాన్‌ఫ్లిక్ట్. ఎవరూ తప్పు చేయలేదు, అయినా గొడవ.

టెస్టుల్లో వర్ట్-ఇన్‌స్టాల్‌ని తాత్కాలిక డైరెక్టరీలోని ఇమేజ్‌తో పిలిచినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. టెస్టు అయ్యాక డైరెక్టరీ తుడిచేస్తారు, పూల్ నమోదు మాత్రం మిగిలిపోతుంది. మెషీన్ రీబూట్ అయి డీమన్ మొదలైనప్పుడల్లా లేని డైరెక్టరీని తెరవబోయి లాగ్ నిండా ఏడుస్తుంది. మీ పూల్ లిస్టులో 'టీఎంపీ', 'డిస్క్స్', 'వర్క్' లాంటి ఊరూ పేరూ లేని పూల్స్ కనిపిస్తే అవి ఇలా పుట్టినవే.

తీర్చే దారులు రెండు. నా ఓటు మొదటిదానికే: ఉన్న పూల్‌ని వదిలేసి, మీ టూల్‌కి దాని పేరు చెప్పండి. వేగ్రంట్ లిబ్‌వర్ట్ ప్రొవైడర్‌లో స్టోరేజ్_పూల్_నేమ్ అనే సెట్టింగ్ ఉంది, దానికి 'ఇమేజెస్' ఇస్తే పని అయిపోతుంది. వర్ట్-ఇన్‌స్టాల్‌లో అయితే డిస్క్ ఆప్షన్‌కి పాత్ బదులు పూల్ పేరూ సైజూ ఇవ్వండి, అప్పుడది కొత్త పూల్స్ పుట్టించదు.

రెండో దారి పేరు మార్చడం. పూల్‌కి రీనేమ్ కమాండ్ లేదు. ఎక్స్‌ఎంఎల్ డంప్ చేసి, పేరు మార్చి, యూయూఐడీ లైను తీసేసి, పాత పూల్‌ని డిస్ట్రాయ్, అన్‌డిఫైన్ చేసి, కొత్తది డిఫైన్, స్టార్ట్, ఆటోస్టార్ట్ చేయాలి. దీనికి ముందు తప్పనిసరిగా చూడాల్సింది ఒకటుంది: ఏ వీఎం అయినా తన డిస్క్‌ని పూల్ పేరుతో పిలుస్తోందా అని. వీఎంలన్నిటి డంప్‌ఎక్స్‌ఎంఎల్‌లో డిస్క్ టైప్ 'వాల్యూమ్' అని ఉండి, సోర్స్‌లో పాత పూల్ పేరు ఉంటే, ఆ వీఎం మళ్ళీ స్టార్ట్ కాదు. డిస్క్ టైప్ 'ఫైల్' అయితే పర్వాలేదు, దానికి పూల్ పేరుతో పని లేదు.

ఎర్రర్ రాని గొడవలు

పైవన్నీ అదృష్టవంతుల కేసులు, ఎందుకంటే లిబ్‌వర్ట్ నోరు తెరిచి చెబుతోంది. చెప్పనివి ఇంకా కష్టం.

లిబ్‌వర్ట్ పాత్‌లని అక్షరాలుగానే పోలుస్తుంది. అదనపు స్లాష్‌లు తీసేస్తుంది గానీ సిమ్‌లింక్‌ని (ఇంకో పాత్‌కి దారి చూపే ఫైల్‌ని) విప్పి చూడదు. /డేటా/వీఎం అనేది /హోమ్/సీఐ/వీఎం కి సిమ్‌లింక్ అనుకుందాం. రెండిటి మీదా రెండు పూల్స్ హాయిగా డిఫైన్ అవుతాయి. ఒక టెస్టు తన పూల్‌లో వాల్యూమ్‌లన్నీ డిలీట్ చేస్తే రెండో టెస్టు డిస్క్ కాళ్ళ కింద నుంచి మాయమవుతుంది. బైండ్ మౌంట్ (ఒక డైరెక్టరీని ఇంకో చోట కూడా కనిపించేలా చేయడం) అయినా అంతే, పైగా దాన్ని రియల్‌పాత్ కూడా పట్టదు, ఫైండ్‌ఎంఎన్‌టీ కమాండ్ చూడాలి.

ఒకదాని లోపల ఒకటి ఉన్న డైరెక్టరీలనీ అది పట్టించుకోదు. 'డీఫాల్ట్' పూల్ డైరెక్టరీ కింద సబ్‌డైరెక్టరీ చేసి అక్కడ టెస్టు పూల్ పెట్టడం చాలామందికి అలవాటు. అప్పుడు పై పూల్‌కి ఆ సబ్‌డైరెక్టరీ ఒక వాల్యూమ్‌గా కనిపిస్తుంది. "పూల్‌లో ఉన్నవన్నీ తుడిచేయి" అనే క్లీనప్ కోడ్ దాని మీద వాల్-డిలీట్ పిలుస్తుంది, లోపల ఫైళ్ళు ఉన్నాయి కాబట్టి ఆ డిలీట్ ఫెయిలవుతుంది, టియర్‌డౌన్ ఎర్రబడుతుంది. టెస్టు పూల్స్‌ని వేరే చెట్టు కింద పెట్టండి.

ఇక స్థలం సంగతి. డిర్ పూల్ చూపించే ఖాళీ జాగా అంటే కింద ఉన్న ఫైల్‌సిస్టమ్ మొత్తం ఖాళీ జాగా. ఒకే డిస్క్ మీద నాలుగు పూల్స్ ఉంటే నాలుగూ అదే అంకె చూపిస్తాయి. నాలుగు టెస్టులూ "నాకు సరిపడా ఉంది" అనుకుని క్యూకౌ2 డిస్కులు తెరుస్తాయి. అవి రాస్తున్న కొద్దీ పెరిగి, మధ్యలో డిస్క్ నిండిపోతుంది. అప్పుడు క్యూఈఎంయూ వీఎంని చంపదు, పాజ్ చేస్తుంది. టెస్టు వైపు నుంచి కనిపించేది ఎస్‌ఎస్‌హెచ్ టైమవుట్ ఒక్కటే. నెట్‌వర్క్ టీమ్‌ని పిలిచి గంటసేపు వాదించుకునే ముందు ఈ కమాండ్ కొట్టండి:

విర్ష్ డామ్‌స్టేట్ వీఎం-పేరు --రీజన్

పాజ్డ్, బ్రాకెట్లో ఐ/ఓ ఎర్రర్ అని వస్తే జాగా అయిపోయిందేమో చూడండి. ఏ డిస్క్ అన్నది డామ్‌బీఎల్‌కేఎర్రర్ చెబుతుంది.

టెస్టులు సమాంతరంగా నడిచేటప్పుడు వచ్చే ఇంకో మెసేజ్: 'పూల్ ఫలానా హాజ్ ఎసింక్రనస్ జాబ్స్ రన్నింగ్'. ఒక టెస్టు వాల్యూమ్‌ని తయారో క్లోనో చేస్తుండగా, ఇంకొకటి అదే పూల్‌ని రిఫ్రెష్ లేదా డిస్ట్రాయ్ చేయబోయింది. దీనికి రీట్రై పెట్టేసి చేతులు దులుపుకునేవాళ్ళు ఉన్నారు. నన్నడిగితే, ఇద్దరు ఒకే పూల్ వాడటమే తప్పు. రిఫ్రెష్‌తో ఇంకో ప్రమాదం కూడా ఉంది: అది ఫెయిలైతే పూల్ ఆగిపోతుంది. ట్రాన్సియెంట్ (డిఫైన్ చేయని, తాత్కాలిక) పూల్ అయితే ఏకంగా మాయమవుతుంది. ఒకరి రిఫ్రెష్ పొరపాటుకి పది మంది టెస్టులు బలి.

'ఫెయిల్డ్ టు గెట్ రైట్ లాక్' అని క్యూఈఎంయూ చెబితే అది పూల్ స్థాయి గొడవ కాదు, ఇమేజ్ స్థాయిది. 2017లో వచ్చిన క్యూఈఎంయూ 2.10 నుంచి ఇమేజ్ లాకింగ్ ఉంది. ఇద్దరు ఒకే ఇమేజ్‌ని రాయడానికి తెరిచారన్నమాట. బేస్ ఇమేజ్‌ని ఎవరూ నేరుగా బూట్ చేయకూడదు. దాన్ని రీడ్-ఓన్లీగా వేరే డైరెక్టరీలో పెట్టి, ప్రతి టెస్టూ దాని మీద తన క్యూకౌ2 ఓవర్‌లే (మార్పులు మాత్రమే రాసుకునే పై పొర ఇమేజ్) చేసుకోవాలి. లాకింగ్‌ని ఆపేసే ఆప్షన్ ఒకటి నెట్‌లో దొరుకుతుంది. దాని జోలికి పోకండి, ఇవాళ ఎర్రర్ పోతుంది, రేపు ఇమేజ్ పాడవుతుంది.

దోషిని పట్టుకోవడం

ఒక టెర్మినల్‌లో ఇది నడుపుతూ పక్కన సూట్ మొత్తం పరిగెత్తించండి:

విర్ష్ పూల్-ఈవెంట్ --లూప్ --ఈవెంట్ లైఫ్‌సైకిల్ --టైమ్‌స్టాంప్

ఏ పూల్ ఎప్పుడు డిఫైన్ అయింది, ఎప్పుడు స్టార్ట్ అయింది, ఎప్పుడు ఆగింది, ఎప్పుడు అన్‌డిఫైన్ అయింది అన్నీ గడియారంతో సహా వస్తాయి. దీన్ని టెస్టు రన్నర్ లాగ్ పక్కన పెట్టి చూస్తే కథ మొత్తం తెలిసిపోతుంది. డిఫైన్డ్ అని ఉండి అన్‌డిఫైన్డ్ లేని ప్రతి పేరూ ఒక లీక్.

శాశ్వతంగా కావాలంటే పైటెస్ట్‌లో (పైథాన్ టెస్టులు నడిపే టూల్‌లో) ప్రతి టెస్టు చుట్టూ తనంతట తనే నడిచే ఒక ఫిక్స్చర్ పెట్టండి. టెస్టుకి ముందు పూల్ పేర్ల జాబితా తీసుకోవాలి, తర్వాత మళ్ళీ తీసుకోవాలి, తేడా ఉంటే ఆ టెస్టునే ఫెయిల్ చేయాలి. హోస్టుని ఇతరులు కూడా వాడుతుంటే మీ ప్రిఫిక్స్ ఉన్న పేర్లనీ, మీ డైరెక్టరీ కింద పాత్ ఉన్న పూల్స్‌నీ మాత్రమే పోల్చండి. లేకపోతే పక్క టీమ్ చేసిన పనికి మీ టెస్టు తిట్లు తింటుంది. ఈ ఫిక్స్చర్ పెట్టిన రోజు సూట్ ఎర్రగా మారి టీమ్ లీడ్ కంగారు పడొచ్చు. పడనివ్వండి, ఇప్పుడు ఎర్రబడుతున్నవి అసలు దోషులు.

తీసేసేటప్పుడు: మూడు కమాండ్లు, మూడు అర్థాలు

పూల్-డిస్ట్రాయ్ అనగానే డేటా పోతుందని భయపడతారు. పోదు, పూల్‌ని ఆపుతుంది అంతే. డిర్ పూల్ అయితే నడుస్తున్న వీఎంలకి కూడా ఏమీ కాదు. కానీ ఐస్కజీ పూల్‌ని డిస్ట్రాయ్ చేస్తే టార్గెట్ నుంచి లాగవుట్ అవుతుంది, దాని మీద వీఎం నడుస్తుంటే గోవిందా.

పూల్-అన్‌డిఫైన్ నమోదుని తీసేస్తుంది. ఫైళ్ళని ముట్టుకోదు. పూల్ నడుస్తుంటే ఒప్పుకోదు.

పూల్-డిలీట్ దగ్గరే జాగ్రత్త. ఇది కింద ఉన్న స్టోరేజ్‌నే తీసేస్తుంది. డిర్ పూల్‌లో ఖాళీ డైరెక్టరీని మాత్రమే తీయగలదు కాబట్టి కొంత నయం. లాజికల్ పూల్ మీద వాడితే వాల్యూమ్ గ్రూపే పోతుంది.

టెస్టు క్లీనప్‌లో క్రమం ఇలా ఉండాలి: వీఎం ఆపడం, వీఎం అన్‌డిఫైన్, వాల్యూమ్‌లు డిలీట్, పూల్ డిస్ట్రాయ్, చివర్లో పర్మనెంట్ పూల్ అయితే పూల్ డిలీట్, అన్‌డిఫైన్. ఒక మెట్టు ఫెయిలైనా మిగతావి నడవాలి. చాలా స్క్రిప్టుల్లో సెట్ మైనస్-ఈ ఉండటం వల్ల మొదటి తప్పు దగ్గరే క్లీనప్ ఆగిపోయి, చెత్త అక్కడే ఉండిపోతుంది.

మళ్ళీ రాకుండా

టెస్టుకి పర్మనెంట్ పూల్ ఎందుకు? డిఫైన్-యాజ్ బదులు పూల్-క్రియేట్-యాజ్ వాడండి. అది ట్రాన్సియెంట్ పూల్ చేస్తుంది. డిస్ట్రాయ్ చేయగానే నమోదు కూడా పోతుంది, /ఎట్సీలో ఏమీ మిగలదు, రీబూట్ చేస్తే తుడిచిపెట్టుకుపోతుంది. పర్మనెంట్ పూల్ ప్రవర్తననే పరీక్షించే టెస్టులకి తప్ప మిగతా అన్నిటికీ ఇదే చాలు.

పేరులో రన్ గుర్తింపు ఉండాలి. జెన్‌కిన్స్‌లో బిల్డ్ ట్యాగ్, గిట్‌ల్యాబ్‌లో సీఐ జాబ్ ఐడీ, పైటెస్ట్ ఎక్స్‌డిస్ట్ (టెస్టుల్ని సమాంతరంగా నడిపే ప్లగిన్) వాడుతుంటే వర్కర్ పేరు కూడా కలపండి. బ్రాంచ్ పేరు కలపాలనుకుంటే అందులో స్లాష్ తీసేయండి, పూల్ పేరులో స్లాష్‌ని లిబ్‌వర్ట్ ఒప్పుకోదు. పేరొక్కటే వేరైతే సరిపోదు, టార్గెట్ డైరెక్టరీ కూడా వేరవ్వాలి. పేరు మార్చి పాత్ అదే ఉంచి "ఇంకా కాన్‌ఫ్లిక్టే వస్తోంది" అని తల పట్టుకునేవాళ్ళు తరచూ కనిపిస్తారు.

డైరెక్టరీకి ఎంకేటెంప్ మైనస్-డీ వాడితే ఒక ఉచ్చు ఉంది. అది 0700 పర్మిషన్‌తో డైరెక్టరీ చేస్తుంది. సిస్టమ్ మోడ్‌లో క్యూఈఎంయూ వేరే యూజర్‌గా నడుస్తుంది. లిబ్‌వర్ట్ ఇమేజ్ ఫైల్ ఓనర్‌ని మారుస్తుంది గానీ పై డైరెక్టరీలని మార్చదు. ఫలితం, పూల్ బాగానే తయారవుతుంది, వాల్యూమ్ బాగానే వస్తుంది, వీఎం స్టార్ట్ చేసేసరికి పర్మిషన్ డినైడ్. డైరెక్టరీకి 0711 ఇవ్వండి. దాని పైనున్న డైరెక్టరీలు కూడా దాటనిచ్చేలా ఉన్నాయో లేదో నేమ్‌ఐ మైనస్-ఎల్ తో ఒకసారి చూసుకోండి. మరో విషయం, /టీఎంపీ కొన్ని డిస్ట్రోల్లో ర్యామ్ మీద ఉంటుంది. అక్కడ వీఎం డిస్కులు పెడితే మెమరీ తినేస్తాయి.

ట్రాప్ (స్క్రిప్ట్ ముగిసేటప్పుడు నడిచే షెల్ ఏర్పాటు) పెట్టి క్లీనప్ చేయడం అందరికీ తెలిసిందే. కానీ సిగ్‌కిల్ (ప్రాసెస్‌ని అక్కడికక్కడే చంపే సిగ్నల్) వస్తే ట్రాప్ నడవదు. సీఐలో జాబ్ క్యాన్సిల్ చేసినప్పుడు చివరికి వచ్చేది అదే. అందుకని ప్రతి రన్ మొదట్లో పాత చెత్తని ఊడ్చే ఒక స్వీపర్ ఉండాలి. "మా ప్రిఫిక్స్ ఉన్న పూల్స్ అన్నీ తీసేయి" అని రాస్తే పక్క ఎగ్జిక్యూటర్ మీద నడుస్తున్న మీ సొంత రన్‌నే చంపేస్తారు. పూల్ ఎన్ని గంటల పాతదో చూసి తీసేయడం కూడా ఊహే. నమ్మదగిన పద్ధతి ఎఫ్‌లాక్, అంటే ఫైల్ మీద తాళం. ప్రతి రన్ తనకంటూ ఒక లాక్ ఫైల్ తెరిచి, నడుస్తున్నంతసేపూ తాళం పట్టుకుని ఉంటుంది. ప్రాసెస్ ఎలా చచ్చినా కెర్నెల్ ఆ తాళాన్ని వదిలేస్తుంది. స్వీపర్ ప్రతి పాత రన్ తాళాన్నీ ఆగకుండా అడిగి చూస్తుంది. దొరికితే యజమాని లేడు, ఊడ్చేయొచ్చు. దొరక్కపోతే ముట్టుకోదు. లాక్ ఫైల్‌ని పూల్ డైరెక్టరీ లోపల మాత్రం పెట్టకండి, డిర్ పూల్ దాన్ని కూడా ఒక వాల్యూమ్‌గా లెక్కేస్తుంది. టెస్టు బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలిన పిల్ల ప్రాసెస్‌లు తాళాన్ని వారసత్వంగా పట్టుకుని ఉండిపోవచ్చు, ఆ ఫైల్ డిస్క్రిప్టర్‌ని వాటికి ఇవ్వకండి.

"మేము కంటెయినర్‌లో నడుపుతున్నాం, మాకేం కాదు"

టెస్టులు కంటెయినర్‌లో ఉండి, లిబ్‌వర్ట్ సాకెట్‌ని మాత్రం హోస్టు నుంచి మౌంట్ చేసుకుంటే, ఆ వేరుబాటు భ్రమే. పూల్ డిఫైన్ అయ్యేది హోస్టులో. పాత్‌ని వెతికేది కూడా హోస్టులోనే. రెండు కంటెయినర్లు తమ లోపలి /వర్క్‌స్పేస్/పూల్ అని ఇస్తే, లిబ్‌వర్ట్‌కి అవి రెండూ హోస్టు మీది ఒకే /వర్క్‌స్పేస్/పూల్. పైగా కంటెయినర్ లోపల ఉన్న ఇమేజ్ అక్కడ ఉండదు కాబట్టి "ఫైల్ కళ్ళ ముందే ఉంది, లేదంటోంది" అనే వింత కూడా ఎదురవుతుంది.

నిజమైన వేరుబాటు కావాలంటే ప్రతి జాబ్‌కీ ఒక వీఎం ఇచ్చి, దాని లోపల దాని సొంత లిబ్‌వర్ట్ నడపండి. ఇంటెల్ మెషీన్లలో లైనక్స్ 4.20 కెర్నెల్ నుంచి నెస్టెడ్ వర్చువలైజేషన్ డీఫాల్ట్‌గానే ఆన్‌లో ఉంది. వేగం కొంత తగ్గుతుంది, పూల్ గొడవలు పోతాయి. ఏది ముఖ్యమో మీ టీమ్ చూసుకోవాలి. ఇక వీఎం అవసరమే లేని యూనిట్ టెస్టులకి లిబ్‌వర్ట్‌లోనే టెస్ట్ డ్రైవర్ ఉంది. కనెక్షన్ యూఆర్‌ఐ టెస్ట్:///డీఫాల్ట్ అని ఇస్తే పూల్స్, వాల్యూమ్‌లు అన్నీ మెమరీలోనే నటిస్తాయి, హోస్టుని ముట్టుకోవు. "పూల్ లేకపోతే నా కోడ్ సరైన మెసేజ్ ఇస్తుందా" లాంటివి పరీక్షించడానికి నిజం డిస్కు దేనికి?

బాగైందో లేదో తేల్చుకోవడం

ఒక్కసారి పచ్చగా రావడం రుజువు కాదు. మధ్యలో ఏమీ శుభ్రం చేయకుండా సూట్‌ని వెంటవెంటనే రెండుసార్లు నడపండి. తర్వాత ఒకే హోస్టు మీద రెండు కాపీలు ఒకేసారి. తర్వాత టెస్టుల వరస తారుమారు చేసి ఒకసారి. ఆఖరుది అసలు పరీక్ష: సూట్ సగంలో ఉండగా రన్నర్ ప్రాసెస్‌ని కిల్ మైనస్-9తో చంపి, వెంటనే మళ్ళీ మొదలుపెట్టండి. స్వీపర్ చనిపోయిన రన్ పూల్స్‌ని తీసేసి, పక్కన నడుస్తున్న రన్ పూల్స్‌ని వదిలేయాలి, సూట్ చివరిదాకా వెళ్ళాలి. రన్లన్నీ ముగిశాక పూల్-లిస్ట్ --ఆల్ కొడితే మీ ప్రిఫిక్స్‌తో ఒక్క పేరూ కనిపించకూడదు.